తాళం వేసిన గదిలోని తూటాలు

బ్రిగ్స్‌ఫోర్డ్ పోలీసు స్టేషన్ మూతపడిన నెలకి అందులోని సామానంతా అమ్మకానికి వచ్చింది. ఇటుకల ఫ్యాక్టరీ పోయాక ఒహాయో నది ఒడ్డున మిగిలిన చిన్న ఊరది. సొంత పోలీసుల్ని పోషించే స్తోమత లేక ఆ పని కౌంటీ షెరీఫ్‌కి అప్పగించేశారు. కుర్చీలు, రేడియోలు ఎవరెవరో పట్టుకుపోయారు. తూటాలు మాత్రం డ్వైట్ ఆమ్‌స్టట్జ్ తుపాకుల కొట్టుకి చేరాయి.

వర్నా కీస్లర్‌కి ఆ కబురు డ్వైటే ఫోన్ చేసి చెప్పాడు. ఆమె వారంలో ఐదు రోజులు స్కూలు బస్సు నడుపుతుంది. శనివారాలు వేటగాళ్ల క్లబ్బులో ఆడవాళ్లకి పిస్టల్ కాల్చడం నేర్పుతుంది. వచ్చేవాళ్లలో చాలామంది నర్సులు, క్యాషియర్లు. వాళ్లకి చవగ్గా తూటాలు దొరికితే మంచిదే కదా అనుకుంది. ఆ స్టేషన్లో ఆమె పద్నాలుగేళ్లు పనిచేసిందని డ్వైట్‌కి తెలుసు. ఎందుకు మానేసిందో కూడా తెలుసు. ఊళ్లో అది తెలియనివాళ్లు లేరు.

"అన్నీ మీవాళ్లవే," అన్నాడు డ్వైట్ వెనకగదిలోకి దారి చూపిస్తూ. "సీలు కూడా విప్పలేదు. ఇంత పొదుపైన పోలీసుల్ని నేనెక్కడా చూళ్లేదు."

గోడ పొడవునా అట్టపెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. వర్నా ఒకటి కిందకి దించి, మూత మీద అంటించిన చీటీ చదివింది. సరుకు అందిన తేదీ, అందుకున్నవారి సంతకం. సంతకం అప్పటి స్టేషన్ చీఫ్ రాయిస్ టానహిల్‌ది. తేదీ తొమ్మిదేళ్ల కిందటి మార్చి.

రెండో పెట్టె దించింది. అదే మార్చి. మూడోది అంతకు ముందు ఏడాదిది. ఆమె నాలుగోది దించకుండా అక్కడే ఓ స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఆ రెండేళ్లూ స్టేషన్లో సాధనకి తూటాలు లేవు. లేవనే చెప్పారు. ఏడాదికోసారి గురి పరీక్షకి మనిషికి యాభై తూటాలు ఇచ్చేవాళ్లు, అంతే. వర్నా మూడుసార్లు కాగితం రాసి అడిగింది. మూడోసారి చీఫ్ ఆ కాగితాన్ని అందరిముందూ పైకి చదివి, ఊళ్లో కుక్కల తగాదాలు తీర్చడానికి ఇంత గురి ఎందుకని నవ్వించాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది.

ఆ ఏడాది అక్టోబరులో పట్టపగలు మందుల షాపు దోచుకున్నవాడొకడు పార్కింగులో ఆమె మీదకి తుపాకీ ఎత్తాడు. ఆమె నాలుగుసార్లు కాల్చింది. ఒక్కటీ వాడికి తగల్లేదు. మూడు గోడలో దిగాయి. నాలుగోది పక్కనున్న లాండ్రీ కిటికీ పగలగొట్టుకుని వెళ్లి, లోపల దుప్పట్లు మడతపెడుతున్న ఒజెల్లా ప్రాథర్ భుజంలో దూరింది. దొంగ రెండు వీధుల అవతల ఊరికే దొరికిపోయాడు. ఒజెల్లా బతికింది గాని, ఆమె కుడిచెయ్యి మళ్లీ పైకి లేవలేదు.

విచారణలో చీఫ్ ప్రమాణం చేసి చెప్పాడు, సాధనకి కావలసినన్ని తూటాలు స్టేషన్లో ఉన్నాయని, ఆమె వాడుకోలేదని. వర్నా అది అబద్ధమంది. ఆమె రాసిన కాగితాలు ఎవరికీ దొరకలేదు. తోటివాళ్లు తలెత్తలేదు. రాజీనామా ఇస్తే కేసు లేకుండా చూస్తామన్నారు. ఇచ్చేసింది.

తొమ్మిదేళ్లుగా ఆయన ప్రమాణం చేసి అబద్ధమాడాడన్న కసితోనే బతికింది. ఇప్పుడు చూస్తే ఆయన నిజమే చెప్పాడు. తూటాలున్నాయి. ఆమె బల్లకి పదడుగుల దూరంలో, తాళం వేసిన గదిలో ఉన్నాయి. అబద్ధమాడింది అంతకు ముందు, ఆమెతోనే.

"ఎన్ని పెట్టమంటావు?" అన్నాడు డ్వైట్.

"ఒక్కటి."

"శనివారం మీ ఆడవాళ్లకి ఒక్కటేం సరిపోతుంది?"

"ఇది వాళ్లకి కాదు," అంది.

టానహిల్ ఇంటి వెనక పడవకి రంగు వేసుకుంటున్నాడు. డెబ్బై దాటాయి, ఆరోగ్యంగా ఉన్నాడు. ఆమెని చూసి మొహం చాటెయ్యలేదు. వర్నా పెట్టె తీసుకెళ్లి పడవలోని బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చీటీ అంతా చదివాడు.

"నా సంతకమే," అన్నాడు. "అయితే?"

"లేవన్నారు చీఫ్. మూడుసార్లు అడిగాను మిమ్మల్ని."

ఆయన బ్రష్ డబ్బాలో పెట్టి, ఓపిగ్గా చెప్పాడు. ఆ ఏడాది కేటాయింపు ఖర్చుపెట్టకపోతే పై ఏడాది కౌన్సిల్ కోసేసేదట. అందుకని కొన్నాడు. అందరికీ పంచిపెడితే, ఊళ్లో పెద్ద గొడవేదైనా వచ్చిననాడు చేతిలో ఏముంటుంది? అందుకని దాచాడు. ఆయన గొంతులో తప్పు చేసినవాడి తడబాటేమీ లేదు. మంచి పాలన గురించి చెబుతున్నట్టే చెప్పాడు.

"గొడవ వచ్చింది కదా. అక్టోబరులో."

"అది నీకొచ్చిన గొడవ, కీస్లర్. ఊరికొచ్చింది కాదు." మళ్లీ బ్రష్ తీసుకున్నాడు. "పోనీ ఇప్పుడెవరి మీద ఫిర్యాదు చేస్తావు? స్టేషనే లేదు. ఎండగా ఉంది, లోపలికెళ్లి మా ఆవిడనడిగి కాస్త ఐస్ టీ తాగి వెళ్లు."

ఆమె తాగలేదు. పెట్టె మీది చీటీ ఊడదీసుకుని, అక్కణ్ణుంచి టౌన్ హాలుకి వెళ్లింది. అక్కడి గుమస్తా అదే మాట ఇంకాస్త మర్యాదగా చెప్పాడు. గడువు దాటిపోయిందట, శాఖ రద్దయిందట. చీటీకి నకలు తీసుకుని, ముట్టినట్టు ముద్ర వేసి, ఆ నకలు సొరుగులో పెట్టాడు.

ఇక మిగిలింది ఒజెల్లా. తొమ్మిదేళ్లలో వర్నా ఒక్కసారి కూడా ఆ లాండ్రీ గుమ్మం తొక్కలేదు. బస్సుని కూడా చుట్టుదారిన తిప్పేది. ఈ సంగతి ఆమెకి తెలియాలి, తెలుసుకునే హక్కు అందరికంటే ఆమెకే ఉంది అని దారి పొడవునా తనకి తాను చెప్పుకుంటూ వెళ్లింది.

ఒజెల్లా తువ్వాలు కొస గడ్డం కింద నొక్కిపట్టి, ఎడంచేత్తో మడతపెడుతోంది. వర్నాని గుర్తుపట్టడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నది. చీటీ చేతిలోకి తీసుకోలేదు.

"అంటే, నీకు సరిగ్గా నేర్పుంటే నా చెయ్యి నాకుండేదంటావు."

"ఉండేదేమోనండి."

"ఏమో." తువ్వాలు దొంతర మీద పెట్టింది. "ఇన్నాళ్లూ నువ్వు చేతకానిదానివనుకున్నానమ్మా. నాకదే తేలిగ్గా ఉండేది. చేతకానివాళ్లని ఎన్నాళ్లని తిట్టుకుంటాం, కొన్నాళ్లకి ఊరుకుంటాం. నేనూ ఊరుకున్నాను. ఇప్పుడొచ్చి, కాదు, ఒకడు కావాలనే దాచాడు, మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టు అంటున్నావు. నాకు అరవై ఎనిమిదేళ్లు."

వర్నా చాపిన చీటీని వెనక్కి తీసుకుంది.

"నీకేదో బరువు దిగింది," అంది ఒజెల్లా. "లోపలికి వస్తున్నప్పుడే నీ మొహంలో కనబడింది. దిగనీ. నేను కాదనను. నాకు మాత్రం ఏం దిగలేదు."

ఆరబెట్టే యంత్రం ఆగింది. ఒజెల్లా అందులోంచి పెద్ద దుప్పటి లాగింది. సగం నేలకి జారుతుంటే వర్నా వంగి ఒక కొస అందుకుంది. ఒజెల్లా ఆ కొస ఆమె చేతిలోంచి మెల్లిగా లాక్కుంది.

"వద్దు. నాకలవాటే."

వర్నా చీటీ జేబులో పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"తలుపు గట్టిగా లాగు," అంది వెనకనుంచి ఒజెల్లా. "లేకపోతే గడియ పడదు."