తెల్లబువ్వ వచ్చిన ఏడు

సిరిసిల్లలో మగ్గం నేసే దశరథం ఇంట్లో వరన్నం ఉడికేది పండుగలకే. ఆ రోజైనా అతను తన పళ్లెంలోది పిల్లల వైపు జరిపి, "నాకు గిది పడదే, కడుపు ఉబ్బుతది. జొన్నరొట్టె ఉంటె తే" అనేవాడు. భార్య ఐలవ్వ నమ్మింది. అరవై తొమ్మిదిలో పెళ్లయింది మొదలు పన్నెండేళ్లు నమ్మింది.

ఎనభై ఒకటిలో దశరథం దగ్గుతో మంచాన పడ్డాడు. రొట్టె నమల్లేకపోయాడు. ఐలవ్వ మగ్గానికి నూలు కండెలు చుట్టిన కూలితో అరకిలో బియ్యం తెచ్చి వండింది. ఉప్పు కలిపిన ఉత్త అన్నమే. మెతుకు మిగల్చకుండా తిని, వేళ్లు నాకి, ఆమె మొహంలోకి చూశాడు.

"ఇంకింతున్నదా?"

గిన్నె ఖాళీ. ఇన్నేళ్లూ అతను ఎందుకలా అన్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

"శనివారం కూలస్తది. ఐతారం కడుపునిండ వండుత" అంది.

శుక్రవారమే దశరథం పోయాడు.

రెండేళ్లకు కార్డు మీద కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. ఐలవ్వ వరుసలో నిలబడి, సంచి నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆ పూట కుండ నిండా అన్నం. పిల్లలు మారు అడిగి మరీ తిన్నారు. ఆమె కలిపిన ముద్ద మాత్రం నోటిదాకా రాలేదు.

తర్వాత ఇంట్లో రొట్టె మాటే లేకుండా పోయింది. తొంభై అయిదు నాటికి కొడుకు హనుమండ్లు మరమగ్గం నడుపుతున్నాడు. కోడలు అనసూర్య మూడు పూటలా అన్నమే వండేది. ఒకనాడు ఐలవ్వకు జొన్నరొట్టె మీద మనసు పోయింది.

"జర రెండు కిలోలు జొన్నలు తెప్పియ్యరాదు బిడ్డా?"

"కిలో అయిదున్నర చెప్తుండ్రు అత్తమ్మా. రెండు రూపాయల బియ్యం ఇంట్ల వెట్టుకొని జొన్నలు కొంటమా?"

మరునాడు ఐలవ్వ తన కండెల పైసలతో కిలో కొని, గిర్నీలో పిండి పట్టించుకొచ్చింది. మొదటి రొట్టె విరిగిపోయింది. రెండోదానికి చేతులు దారిలో పడ్డాయి. చప్పుడు విని అనసూర్య వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. ఓ తునక తుంచి నోట్లో వేసుకుంది.

"మామకు గిదంటె మస్తు ఇష్టముండెనా?"

"లేదు బిడ్డా. ఆయనకు బువ్వంటెనే పాణం." ఐలవ్వ పెనం మీది రొట్టెను తిప్పింది. "రొట్టె ఇష్టం నాకు. ఆయన పక్కన కూసుండి తినేదాన్ని గద."

అనసూర్య పిండిముద్ద తన ముందుకు లాక్కుంది.

"అచ్చే వారం నేను తెస్త, అత్తమ్మా."

"అద్దు, అయిదున్నరంటె పిరమైతది" అంటూనే ఐలవ్వ కోడలి అరచేతులు పట్టుకుని, రొట్టె ఎట్లా తట్టాలో చూపించసాగింది.