పద్నాలుగు హంపులు

మా ఆయన ఉదయభాస్కర్‌కి ఒక ఎరువుల కొట్టు, ఒక కారు ఉన్నాయి. ప్రేమ మాత్రం రెండోదాని మీదే. నిరుడు ఇంజన్‌కి చిప్ పెట్టించారు, సైలెన్సర్ మార్పించారు. ఈ నెల స్ప్రింగులు కూడా మార్పించి కారుని నాలుగు వేళ్లు కిందికి దింపించారు. ఇప్పుడది తొమ్మిది సెకన్లలో వంద వేగం అందుకుంటుందట. మన ఊళ్లో వందకి చోటెక్కడుందండీ అంటే, "నీకు తెలీదులే రమా" అన్నారు.

నాకు నలభై నాలుగు. బీఎడ్ చేసి ఇరవయ్యేళ్లు. వయసు లెక్కన టీచరు పోస్టుకి ఇదే నా ఆఖరి పరీక్ష. రాజమండ్రిలో తొమ్మిదింటికి గేటు మూసేస్తారు. నిమిషం దాటినా రానివ్వరు. బస్సులో వెళ్తానన్నాను.

"కారుండగా బస్సేంటి? గంటలో దింపుతాను" అన్నారాయన. కంటి డాక్టరుకి చూపించుకోవాలని మా అత్తగారు మాణిక్యాంబ గారూ ఎక్కారు.

ఏడింటికి బయల్దేరాం. మెయిన్ రోడ్డు మీద కల్వర్టు తవ్వేసి, బళ్లన్నీ కాలవగట్టు మీదికి మళ్లించారు. ఆ గట్టు మీద ఎవరిదో దూడని ఇసుక లారీ గుద్దినప్పటినుంచి, స్లాబు వేసుకున్న ప్రతివాళ్లూ మిగిలిన సిమెంటుతో గుమ్మం ముందు రోడ్డుకి అడ్డంగా ఒక హంపు పోసుకున్నారు. ధవళేశ్వరం చేరేలోపు పద్నాలుగు. మొదటిదానికే కారు కడుపు గరగరా గీసుకుంది.

"దిగండి. బరువు తగ్గితే దాటుతుంది."

దిగాం. ఒక్కో చక్రమే ఏటవాలుగా ఎక్కించి దాటించారు. ఎక్కాం. కాస్త దూరం పోయి మళ్లీ దిగాం.

నాలుగోదాని దగ్గర మా అత్తగారు మోకాళ్లు పట్టుకున్నారు. "ఒరేయ్ భాస్కరం, దీనికంటే కోరుకొండ గుడి మెట్లు సుళువురా."

"ఖాళీగా ఉంటే ఎంత స్మూత్‌గా పోతోందో చూశావా అమ్మా?"

"అయితే ఖాళీగానే తీసుకెళ్లు."

ఏడోదాని దగ్గర ఎనిమిది దాటింది. నా చేతిలో హాల్‌టికెట్ చెమటకి మెత్తబడిపోయింది. "గీసుకుంటే గీసుకోనివ్వండి, పోనివ్వండి" అని బతిమాలాను.

"కింద ఆయిల్ చాంబర్ పగిలితే అసలే వెళ్లలేం రమా."

ఆయన చెప్పింది నిజమే. అందుకే ఏడుపొచ్చింది.

తొమ్మిదో హంపు మీద కారు పీటలెక్కిన పెళ్లికూతురిలా కూర్చుండిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. ఎనిమిదీ ఇరవై. ఆయన చొక్కా విప్పి కారు కిందికి దూరారు. నేను గట్టు మీద కూలబడ్డాను.

అప్పుడే మా ఊరి పాలబ్బాయి బుల్లియ్య క్యాన్లతో మోపెడ్ మీద వచ్చాడు. అబ్బాయంటే యాభై ఏళ్లుంటాయి. నేను ఉద్యోగం మాటెత్తితే ఇరవయ్యేళ్లుగా "చారు చూడు, పొంగుతోంది" అంటూ వచ్చిన మా అత్తగారు, రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తారు.

"బుల్లియ్యా, క్యాన్లు దింపు. మా కోడలు పరీక్షకెళ్లాలి."

"పాలు విరిగిపోతాయండి."

"విరిగితే అన్నీ మేమే కొంటాం. నేను కాపలా ఉంటాను. ముందు దాన్ని ఎక్కించుకో."

ఒక క్యాను తాడు ముడి ఊడలేదు. దాన్ని కావలించుకునే కూర్చున్నాను. మిగిలిన అయిదు హంపులకీ బుల్లియ్య వేగం తగ్గించలేదు. దారి పొడుగునా నేను టైము చూడలేదు, చూసే ధైర్యం లేక.

మేం చేరేసరికి గేటు సగం మూసేశారు. దిగి పరిగెత్తబోతుంటే ఫోను మోగింది. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. స్పీకరు నొక్కి బుల్లియ్య చేతిలో పెట్టాను.

"రమా, తొమ్మిదోది దాటేశాను! ఎక్కడున్నావే?"

గేటు తోస్తున్న మనిషి చెయ్యి కింద నుంచి లోపలికి దూరాను. వెనకాల బుల్లియ్య మర్యాదగా చెబుతున్నాడు.

"ఇంకా అయిదున్నాయండి."