నా వేషానికి నలుగురు

“మా ఆవిడ సాయంత్రాలు ఖాళీయేనండీ, ఆరుగురికి వండటం ఎంత పని!” అని మా ఆయన ప్రిన్సిపాలు గారికి మాటిచ్చేసి, ఆ సంగతి నాకు రాత్రి భోంచేసి చెయ్యి కడుక్కుంటూ చెప్పారు. ఖాళీట! వన్ టౌన్‌లో ఆడపిల్లల హైస్కూల్లో ఐదు పీరియడ్లు పాఠం చెప్పి, సిటీ బస్సులో నిలబడి మాచవరం వచ్చి, అత్తగారికి వేడినీళ్ళు కాచి, ఇద్దరు పిల్లల హోంవర్కు చూసి, స్టవ్ ముట్టించేదాన్ని నేను. ఇందులో ఆ ఖాళీ ఎక్కడుందో ఆయనకే తెలియాలి. “అలాగేనండీ” అన్నాను. పెళ్ళయిన పదమూడేళ్ళలో నాకు బాగా అలవాటైన మాట అది.

వచ్చినవాళ్ళు లండన్‌లో ఏదో నాటకాల స్కూలు పిల్లలు. తలో దేశం వాళ్ళు. డెబ్బై నాలుగు ఫిబ్రవరి. మూడు వారాలు మా ఆయన పనిచేసే కాలేజీ హాస్టల్లో ఉంటారు, మా ఇంట్లో తింటారు, ఇక్కడి మనుషుల్ని చూసి ఒక నాటకం కట్టి, ఆఖరి శనివారం కాలేజీ హాల్లో ఆడతారు. దానికి రచయిత లేడు. అందరూ కలిసి చూస్తారు, చూసింది చేస్తారు, చేసిందే నాటకం. “రాసినవాడు లేని నాటకమేమిటి, నాన్సెన్స్!” అని నవ్వారు మా ఆయన సంజీవరావు గారు. ఆయన ఇంగ్లీషు లెక్చరరు, పైగా మా చర్చిలో సంఘపెద్ద. నవ్వుతూనే, కరపత్రంలో సలహాదారుగా తన పేరు మాత్రం వేయించుకున్నారు.

ఆ ఆరుగురిలో వాంజిరు అని కెన్యా పిల్ల ఒకతి. “అచ్చం మా పామర్రు పిల్లలాగే ఉందే!” అని మా అత్తగారు ఆదెమ్మ గారు మురిసిపోయారు. వాంజిరు వాచీ, నోటుబుక్కు పట్టుకుని మా వంటింటి గుమ్మంలో కూర్చునేది. తెల్లవారుజామున ఐదింటికే వచ్చేసేది. మాకది కుటుంబ ప్రార్థన వేళ. ఆయన బైబిలు చదువుతారు, మేమంతా మోకాళ్ళ మీద ఉంటాం. సరిగ్గా అప్పుడే వీధి చివర కుళాయి వస్తుంది, అప్పుడే స్టవ్ మీద పాలు కాగుతుంటాయి. కళ్ళయితే మూసుకుంటాను గానీ చెవులు ఎలా మూసుకోను? ఒకసారి ఆమెన్ అనకముందే లేచి వంటింట్లోకి పరిగెత్తాను. “దేవుడికంటే పాలెక్కువయ్యాయా నీకు?” అని వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ వారమంతా అడుగు చప్పుడు కాకుండా తిరిగాను.

నాటకానికి రెండు రోజుల ముందు, గురువారం రిహార్సలుకి టీ ఫ్లాస్కులు మొయ్యడానికి ఆయన నన్నూ తీసుకెళ్ళారు. హాల్లో వెనక కుర్చీలో కూర్చున్నాను. స్టేజీ మీద భర్త వేషం వేసిన కుర్రాడు తాపీగా పుస్తకం చదువుతున్నాడు. చీర కట్టుకున్న వాంజిరు మోకాళ్ళ మీద ఉంది. ఓహో, నన్నే చేస్తోంది అనుకున్నాను. ఇంతలో అలాంటి చీరే కట్టుకుని ఇంకో పిల్ల బిందెతో కుళాయికి పరిగెత్తింది. మూడో ఆవిడ పాలు దించి, వేడినీళ్ళు పెట్టి, క్యారేజీలు సర్దింది. మూడో ఆవిడంటే ఎవరో కాదు, ఆరడుగుల రోల్ఫ్, జర్మనీ కుర్రాడు! నాలుగో ఆవిడ కంపోజిషన్ పుస్తకాల కట్ట చంకన పెట్టుకుని బస్సులో వేళ్ళాడుతోంది. అందరూ నేనే.

“ముందు ఒక్కదాన్నే చేసి చూశాను ఆంటీ. మీరు ఇంట్లోంచి బయల్దేరే వేళ వచ్చేసరికి నా చేతిలో ఇంకా సగం పని మిగిలే ఉంది. వాచీ పెట్టుకుని నాలుగు రోజులు ప్రయత్నించాం. నలుగురైతే గానీ కుదరలేదు” అంది వాంజిరు టీ తాగుతూ.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అమ్మో, ఇంత పరిగెడుతున్నానా నేను! ఇన్నాళ్ళూ నేను మందకొడిదాన్ననే అనుకున్నాను. ఇంట్లో అందరూ అదే మాట అనేవారు మరి.

ఆయన నవ్వలేదు. మర్నాడు ఇడ్లీ తింటూ అన్నారు, “రేపు పాస్టరు గారు ముందు వరసలో కూర్చుంటారు. నా ఇంటి ప్రార్థన ఊరికి వేళాకోళం కావాలా? నేను ఆపమంటే బాగుండదు. ఎవర్ని చూసి చేశారో ఆ మనిషి అబద్ధమంటే ఆ ముక్క తీసేస్తారట, అది వాళ్ళ రూలు. సాయంత్రం నువ్వొచ్చి చెప్పు. ఇంట్లో పనిమనిషి ఉందనీ, ప్రార్థనలో ఉంటే నీ ధ్యాస ప్రార్థన మీదే ఉంటుందనీ చెప్పు.”

మాకు పనిమనిషి ఏనాడూ లేదు. ఆ మాటే అనబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయన మా అత్తగారి వైపు తిరిగి, నాకు వినపడేట్టే, “ఉద్యోగం మాన్పించేస్తే సరి, ఈ వేషాలన్నీ పోతాయి” అన్నారు. “ఎందుకొచ్చిన గొడవ సువార్తా, వాడు చెప్పమన్నట్టు చెప్పెయ్యి” అన్నారు అత్తగారు. అన్నంత పనీ చేస్తారాయన. ఆ స్కూల్లో ఐదు పీరియడ్లే నాకు ఊపిరి. అక్కడ నేను అడిగితే నలభైమంది చేతులెత్తుతారు. ఆ రోజు ఒక్క పాఠమూ సరిగ్గా చెప్పలేకపోయాను. “టీచరుగారూ, ఒంట్లో బాలేదా?” అని పిల్లలే అడిగారు.

సాయంత్రం హాల్లో ఆరుగురూ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఆయన నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వాంజిరు పెన్సిలు పట్టుకుని అడిగింది, “ఆంటీ, మేం చేసినదాంట్లో నిజం కానిది ఏమైనా ఉందా?”

“ఉంది” అన్నాను.

ఆయన తృప్తిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పిల్లల మొహాలు వాడిపోయాయి. “ప్రార్థన సీనా?” అన్నాడు రోల్ఫ్ మెల్లిగా.

“కాదు. అది ఉన్నదున్నట్టే ఉంది. నలుగురన్నారు చూడు, అక్కడే తప్పు. ఐదుగురు కావాలి.”

కళ్ళజోడు తుడుస్తున్న ఆయన చెయ్యి ఆగింది. “సువార్తా” అన్నారు, నాకు మాత్రమే వినపడేంత నెమ్మదిగా.

“ఐదో ఆవిడ ఏం పని చేస్తుంది ఆంటీ?” అంది వాంజిరు.

“ఏ పనీ చెయ్యదు. ఆ నలుగురూ పరిగెడుతుంటే, ఆవిడ ఒక మూల నిలబడి, పొద్దుటినుంచి పడుకునేదాకా ఆయన మొహంలోకి చూస్తూ భయపడుతూ ఉంటుంది” అన్నాను నా వచ్చీరాని ఇంగ్లీషులో. “ఆ వేషం మీకెవ్వరికీ రాదమ్మా. రేపు నేనే వేస్తాను” అన్నాను, ఆయన మొహంలోకి చూడకుండా.