ఐదు శాతం

ఆరేళ్ళు! ఒక మనిషి ఆరేళ్ళపాటు చిటికెడు పొడికి ఊడిగం చేసిందంటే ఎవరైనా నమ్ముతారా? ల్యాబులో అందరూ ఆమెను సీరియం అక్క అనేవారు. టైటానియం ఆక్సైడ్‌లో సీరియం అనే లోహం రవ్వంత కలిపి, మురికినీటిలోని రంగును వెలుతురుతోనే విరగ్గొట్టే పొడి తయారుచేసిందామె. దాని మీద పేపరు అచ్చయింది, ఆమె గైడు సారుకు పేరొచ్చింది. ఇక థీసిస్ ఒప్పుకుంటే ఆమె డాక్టరు.

పరీక్షకుడు ఒక్క కొర్రీ పెట్టాడు: "లైటు వేసేముందు అరగంట చీకట్లో కలిపి చూశారా?"

చూడలేదు. ల్యాబంతటికీ లైటు ఒక్కటే, ఆమె వంతుకు గంట దొరకడమే గగనం. పొడి వేయగానే స్విచ్ నొక్కేసేది. అదేం పెద్ద పనిలే అనుకుని, ఆ మధ్యాహ్నం నీలిరంగు నీళ్ళ బీకరుకు నల్లకాగితం చుట్టి పొడి కలిపింది. అరగంటకు విప్పి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున పొడి నీలంగా ఉంది. ఇన్నాళ్ళూ వడకట్టి పారేయడమే తప్ప పొడి రంగు ఎప్పుడు చూసింది కనుక! రంగు విరగలేదు, పొడి మింగి కూర్చుంది. వెలుతురు చేసిందేమీ లేదు.

బీకరు పట్టుకుని సారు గదికి పరుగెత్తింది. ఆయన బీకరు చూసి లేచి తలుపు వేశాడు.

"చీకట్లో ఐదు శాతం పోయిందని రాసెయ్యమ్మా."

"తొంభై పోయింది సార్!"

"నాకు కళ్ళు లేవా? పేపరు వెనక్కి తీసుకుంటే నీ ఆరేళ్ళూ నీళ్ళపాలు. మళ్ళీ మొదట్నుంచి చేసే ఓపికుందా?"

లేదు. ఎప్పటికవుతుందని అడగడం ఇంట్లో భర్త కూడా మానేశాడు. ఏడుపొచ్చింది, తన మీద తనకే అసహ్యమేసింది. ఐదు అని టైపు చేసింది.

పట్టా వచ్చింది. ఇక ఈ పొడి మొహం చూడక్కర్లేదు, హాయిగా ఎక్కడైనా పాఠాలు చెప్పుకోవచ్చు అనుకుంది పిచ్చితల్లి. సారు మిఠాయి నములుతూ గొంతు తగ్గించాడు. "నీ పొడికి ప్రాజెక్టు మంజూరైంది. ఐదేళ్ళు. వేరేవాళ్ళ చేతికిస్తే ఏమవుతుందో నీకు తెలుసుగా?"

తెలుసు. ఎవరు ముట్టుకున్నా వారంలో గుట్టు రట్టవుతుంది. కాపలా తనే కాయాలి.

సోమవారం కొత్తగా చేరిన అమ్మాయి నోట్సు తెరిచింది. "అక్కా, ముందు చీకట్లో కలపాలని పుస్తకంలో ఉంది. ఎంతసేపు?"

"మన పొడికి అక్కర్లేదమ్మా."

ఆ అమ్మాయి బుద్ధిగా తల వంచి రాసుకుంది.