గుమ్మంలో కుర్చీ

వీధివాళ్ళు ఆయన్ని ముళ్ళకంప అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, పట్టించుకోడు. ఆయన పట్టించుకునేది ఒక్కటే, నవల చివరి అధ్యాయం. ఇవాళ సాయంత్రంలోగా అందకపోతే అచ్చు వేసేది లేదని ప్రచురణకర్త తెగేసి చెప్పాడు.

భార్య పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ పేజీ కదల్లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ గుమ్మంలో ఇనుప కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరొచ్చినా వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ, కోడళ్ళ గొడవలూ అడిగేది. వాళ్ళు కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కి, వచ్చిన పని మరిచిపోయి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు కుర్చీ ఖాళీ. ఇల్లు సత్రమైంది.

అందరికంటే పెద్ద తలనొప్పి బావమరిది. రిటైరైన బస్సు కండక్టరు. రోజూ పొద్దున్నే పేపరు చంకన పెట్టుకుని దిగుతాడు. ఇవాళా దిగాడు.

"రాసుకో బావా, రాసుకో. నేనసలు నోరు తెరవను. నిన్న మార్కెట్లో ఏమైందంటే..."

ఆయన కలం కింద పెట్టాడు.

"అయినా అక్కతోనే పోయాయిలే నీ రాతలు," అన్నాడు బావమరిది పేపరు విప్పుతూ. "ఆ పుస్తకాలన్నీ అక్క గుమ్మంలో కూర్చుంటే వచ్చినవి. ఇక నీ వల్ల కాదు."

నిజం కాబట్టి మరీ గుచ్చుకుంది. ఆయన లేచి, మూలనున్న కుర్చీ దుమ్ము దులిపి గుమ్మంలో వేశాడు.

"కూర్చో. ఒక్కడు లోపలికొచ్చినా రేపట్నుంచి నువ్వూ రాకు."

"జన్మంతా జనాన్ని లోపలికి తోసినవాణ్ణి. బయట ఆపడం నాకేం తెలుసు?"

"నేర్చుకో."

అలవాటు ఎక్కడికి పోతుంది. పక్కింటి మేష్టారు మెట్టెక్కగానే, "లోపల ఖాళీ ఉంది, జరగండి, జరగండి" అంటూ తోసేశాడు కండక్టరు. ముళ్ళకంప లేచొచ్చి మేష్టారి భుజం పట్టి వచ్చిన దారినే తిప్పాడు. బావమరిదిని ఒక్క చూపు చూశాడు. తలుపు దగ్గరగా వేశాడు.

కాసేపటికి బయట్నుంచి వినబడింది. "మేష్టారూ, మోకాలెలా ఉంది?"

అదే సాగదీత. అచ్చం వాళ్ళ అక్కే.

మేష్టారు మోకాలితో మొదలుపెట్టి అల్లుడి దాకా వెళ్ళాడు. కరెంటు మీటరు చూసే మనిషి వచ్చి, మీటరు సంగతి వదిలేసి తన నడుము సంగతి ఎత్తుకున్నాడు. ఇంటి ఓనరు తన వంతు కోసం మెట్లమీదే కూలబడ్డాడు. ఆ రొద వాన చప్పుడులా లోపలికొచ్చింది. ఏడాదిగా కిటికీలు బిగించి, చెవుల్లో దూది కుక్కుకుని చూశాడు ఆయన. ఆయనకు కావలసింది నిశ్శబ్దం కాదు. ఇది.

కలం పరుగెత్తింది. మధ్యాహ్నం భోజనం మరిచాడు. పొద్దు వాలకముందే చివరి వాక్యం పడింది. చదువుకున్నాడు. ఒక్క మాటా కొట్టేయలేదు.

కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"అయిందా బావా?" కండక్టరు గొంతు బొంగురుపోయింది.

"అయింది."

"నా వల్లే కదా? మరి అంకితం ఎవరికి?"

"నువ్వు కూర్చున్న కుర్చీకి."

బావమరిది నోరు మూతపడటం ఆయన ఈ జన్మలో అప్పుడే చూశాడు. కాగితాలతో ప్రచురణకర్త దగ్గరికి మెట్లు దిగుతూ, ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"రేపు పెందలాడే రా. ఇంకో నవల ఉంది. పేపరు మాత్రం ఇంట్లో పెట్టి రా."