తొమ్మిది రేకు బిళ్ళలు

ఆ ఆదివారం తెల్లారగానే అనసూర్య సర్వపిండి రొట్టెలు కాల్చడానికి పొయ్యి ముందు కూర్చున్నది సినిమా సంబరంతో కాదు, సమ్మవ్వ మీది భయంతో.

సమ్మవ్వ గట్టయ్య మొదటి భార్య లింగవ్వకు కన్నతల్లి. లింగవ్వ కామెర్లతో పోయి నాలుగేళ్ళు దాటింది. పోతూ ఐదుగురు పిల్లల్ని గట్టయ్య చేతిలో పెట్టిపోయింది. అప్పటికి ఏడాది ముందే అనసూర్య పెనిమిటి జ్వరంతో పోయాడు, ఆమె కొంగు పట్టుకుని నలుగురు. కులపెద్దలు కూర్చుని మాట్లాడి ఇద్దరికీ మారుమనువు చేశారు. ఐదూ నాలుగూ కలిసి తొమ్మిదిమంది, గోదావరిఖనిలో కంపెనీ వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టరులో, ఎవరి కాలు ఎవరి మీదుందో తెలియకుండా మూడేళ్ళుగా పెరుగుతున్నారు.

శుక్రవారం నాడు సమ్మవ్వ కమాన్‌పూర్ నుంచి దిగింది. మూట దించకముందే వచ్చిన పని చెప్పేసింది. సోమవారం పొద్దుటి బస్సుకు పూలమ్మను తనతో తీసుకుపోతుందట. పూలమ్మ లింగవ్వ ఆఖరి బిడ్డ, ఆరేళ్ళది. తల్లి ముఖం గుర్తులేని పిల్ల, అనసూర్యనే తల్లనుకుని అవ్వా అని పిలుస్తుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా సమ్మవ్వ తల పక్కకు తిప్పుకునేది.

"గింతమంది మందల ఒక్క పిల్ల తిన్నదా పన్నదా ఎవలు సూస్తరు? నా బిడ్డ బిడ్డను నేను సాదుకుంట," అంది సమ్మవ్వ.

బొగ్గుబాయి మీద ఎవడైనా తాగి డ్యూటీకొస్తే దీపం ఇవ్వనని ఎదిరించి నిలబడే గట్టయ్య, అత్త ముందు మాత్రం నోట్లో నాలుక లేనివాడైపోయి "నీ ఇష్టం అత్తా" అన్నాడు. అనసూర్యకు ఒళ్ళు మండిపోయింది. కానీ తనేమనాలి? పంపనంటే మారుమనువు చేసుకున్నది మొండికేసిందంటారు. పంపితే సవతి పిల్లను వెళ్ళగొట్టిందంటారు. ఊరి నోటికి రెండు వైపులా పదునే. ఇవన్నీ సరే, అసలు బాధ వేరే. పూలమ్మ పక్కలో లేకపోతే తనకు నిద్ర పట్టదు. ఆ ముక్క ఎవరితో చెప్పుకుంటుంది?

గట్టయ్యకు తోచిన ఉపాయం సినిమా. అతని ఆలోచనలు అలాగే ఉంటాయి. పిల్లలున్న మగమనిషి, పిల్లలున్న ఆడమనిషి పెళ్ళి చేసుకుని ఇల్లంతా సందడి చేసే నవ్వుల బొమ్మ ఒకటి, పద్నాలుగేళ్ళ కింద నలుపూ తెలుపులో వచ్చింది. దాన్నే ఇప్పుడు కొత్తవాళ్ళతో, రంగుల్లో మళ్ళీ తీశారు. ఊళ్ళోని టాకీసులో ఆడుతోంది. అది చూస్తే అత్త మనసు మెత్తబడుతుందని అతని లెక్క. పాత బొమ్మను సమ్మవ్వ మంచిర్యాలలో లింగవ్వతో కలిసి చూసిందనీ, అప్పుడు పెద్దవాడు ఎల్లన్న లింగవ్వ కడుపులో ఉన్నాడనీ అతనికి తెలియదు. తెలిసుంటే ఈ సాహసం చేసేవాడు కాదు.

ఇక బిళ్ళల సంగతి చెప్పాలి. గట్టయ్య పని బాయి మీద దీపాల గదిలో. దిగేవాడు కొక్కెం మీది దీపం తీసుకుపోతాడు, ఎక్కినవాడు తెచ్చి తగిలిస్తాడు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా కింద ఇంకా ఒక మనిషి ఉన్నట్టే, గది మూయడానికి లేదు. ఇరవై ఏళ్ళు అదే పని చేసినవాడికి ఇల్లు కూడా దీపాల గదిలాగే కనిపించడంలో వింతేముంది? పైగా పిల్లల తలలు లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుందని సమ్మవ్వ ఆజ్ఞ. అందుకని గట్టయ్య డాల్డా డబ్బా కోసి తొమ్మిది రేకు బిళ్ళలు చేశాడు. వాటి మీద మేకుతో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు కొట్టాడు. నీ పిల్లలు నా పిల్లలు అనకుండా, వయసు వరసలో. తలుపు పక్కన చెక్కకు తొమ్మిది మేకులు దిగాయి. బయటికి పోయేవాళ్ళు బిళ్ళ తీసుకుపోవాలి, వచ్చాక తగిలించాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకుంటే వీపు మోగుతుంది.

సినిమాకు తొమ్మిదిమందీ బిళ్ళలతోనే బయలుదేరారు. మధ్యాహ్నం ఆట. బెంచీ ఒకటి నిండి రెండో దాంట్లోకి పొర్లారు. పూలమ్మను సమ్మవ్వ పట్టుబట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

తెర మీద పదకొండుమంది పిల్లలు. మనకన్నా ఇద్దరెక్కువని మనవాళ్ళు కాసేపు చిన్నబోయారు. ఇంటి మధ్యన సుద్దతో గీత గీసి ఆ పిల్లలు కొట్టుకుంటుంటే మాత్రం, తమ ఇంట్లో మొదటి ఏడాది జరిగిందంతా ఎవరో వెళ్ళి చెప్పినట్టే ఉందని పడీపడీ నవ్వారు. సమ్మవ్వ నవ్వలేదు. పాతదాంట్లో ఈ చోట పాట ఉండేదంది. పాతదాంట్లో తల్లి ఇంత సన్నగా లేదంది. వెనక బెంచీవాళ్ళు రెండుసార్లు బతిమాలారు, మూడోసారి గద్దించారు. రెండో సగంలో మాత్రం ఆమె నోరు మూతపడింది. సారెకూ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. అనసూర్య అది చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆట అయిపోయింది. తోపులాటలో అందరూ బయటపడ్డారు. గేటు దగ్గర గట్టయ్య అరచెయ్యి చాపి నిలబడ్డాడు. బిళ్ళలు ఒక్కొక్కటే వచ్చి పడ్డాయి. రెండుసార్లు చూసుకున్నాడు, తొమ్మిది. తువ్వాలు కొంగున ముడివేసి, షిఫ్టు దిగినవాడిలా నిశ్చింతగా ముందు నడిచాడు.

తినే పిల్లల మీద జనం కళ్ళు పడతాయని టాకీసు దగ్గర మూట విప్పనివ్వలేదు సమ్మవ్వ. కాలనీ మలుపు దగ్గరి కాలువ మోరీ గట్టు మీద అందరూ కూర్చున్నాక అనసూర్య మోదుగాకుల పొట్లం తెరిచింది. ఆమె పంచే పద్ధతే వేరు. లెక్క ఉండదు. ఎల్లన్నకు మందపు ముక్క, తన బిడ్డ సారవ్వకు నడిమి మెత్తటిది, ఎల్లిపాయ ఎక్కువ తగిలినది ఫలానావాడికి, మిరపకాయ లేనిది ఫలానాదానికి. చెయ్యి దానంతటది వెతుక్కుంటూ పోతుంది. మాటల్లో పడి పంచుతూ పంచుతూ పొట్లం అడుగుకు వచ్చింది. అక్కడ ఒక ముక్క మిగిలింది. నల్లగా మాడిన అంచు ముక్క.

మాడిన అంచు ఆ ఇంట్లో ఒక్కరే తింటారు.

"పూలి ఏది?" అంది అనసూర్య.

ఉందిగా అన్నాడు గట్టయ్య, తువ్వాలు ముడి తడిమి చూపిస్తూ. తొమ్మిది బిళ్ళలూ ఉన్నాయట. పిల్ల లేదురా మొగుడా అని అరవాలనిపించిందామెకు. అప్పటికే సారవ్వ ఏడుపు మొదలుపెట్టింది. పదేళ్ళది, ఏదీ దాచుకోలేదు. పూలమ్మ ఇదివరకే రెండు బిళ్ళలు పోగొట్టి దెబ్బలు తిన్నది గనుక, చెల్లెలి బిళ్ళ తనే లంగా బొందుకు కట్టుకుందట. గేటు దగ్గర రెండూ ఇచ్చేసిందట. చెల్లె అమ్మమ్మ దగ్గరుందనుకుందట.

సమ్మవ్వ లేచి నిలబడింది. "సూసినవా గట్టయ్యా. గిందుకే తీస్కపోత అన్న. కన్నతల్లయితే గిట్ల ఇడిసిపెట్టి వస్తదా?"

ఆ మాట అనసూర్యకు సూటిగా తగిలింది. జవాబు చెప్పడానికి ఆగితే క్షణం దండగని, ఆ ముక్క చేతిలో పట్టుకునే వెనక్కి పరుగెత్తింది. చెప్పులు మోరీ దగ్గరే ఉండిపోయాయి. దారంతా ఒకటే మాట ఆమె లోపల తిరుగుతోంది. పిల్ల దొరకాలి. దొరికితే రేపు కమాన్‌పూర్ పోయినా సరే, ఏడవను.

టాకీసులో తరువాతి ఆటకు ఇంకా జనాన్ని వదల్లేదు. గేటు మనిషి ఏదో అడుగుతున్నా వినకుండా తలుపు తెర తోసుకుని లోపలికి పోయింది. దీపాలు ఆర్పేసి ఉన్నాయి, చీకటి. కంటికి ఏదీ ఆనలేదు.

"ఓ పూలీ."

"ఈడనే ఉన్న అవ్వా," అంది గొంతు, నింపాదిగా.

పూలమ్మ కూర్చున్న బెంచీ మీదే కూర్చుని ఉంది, కాళ్ళు పైకి పెట్టుకుని. అనసూర్య పిల్లను గుండెకు అదుముకుంది. పిల్ల మాత్రం ఆమె చేతిలోని ముక్క తీసుకుని నమలడం మొదలుపెట్టింది. అంతలో రొప్పుకుంటూ సమ్మవ్వ వచ్చింది. ఆమె వెనక గట్టయ్య, మిగతా మందా. గేటు మనిషి విసుక్కుంటూనే దీపం వేశాడు.

"చీకట్ల నీకు భయం కాలేదా బిడ్డా?" అంది సమ్మవ్వ.

"దీపం ఆరితే ఉన్నకాడనే కూసోవాలె, నడిస్తే తప్పిపోతమని బాపు చెప్పిండు గద," అంది పూలమ్మ. నోట్లోది మింగి మళ్ళీ అంది, "బాపు బిళ్ళలు సూసి పోతడు. అవ్వ పిండి పంచేటప్పుడు మాడింది మిగుల్తది. అప్పుడు వస్తది అనుకున్న."

ఆ తరువాత గుర్తొచ్చినట్టు ఒడిలోంచి ఒక చిన్న గుడ్డసంచి తీసి అమ్మమ్మకు ఇచ్చింది. సమ్మవ్వ ఆకువక్కల సంచి. ముసలామె కన్నీళ్ళు తుడుచుకుంటూ లేచినప్పుడు ఒడిలోంచి జారి బెంచీ కింద పడిందట. దానికోసం వంగి వెతికి లేచేసరికి ఎవరూ లేరట.

సమ్మవ్వ నడుము తడుముకుంది. సంచి పోయిన సంగతే ఆమెకు తెలియదు. పక్కన కూర్చోబెట్టుకున్న పిల్లను వదిలేసి లేచి వెళ్ళింది ఎవరో అప్పటికి అందరికీ అర్థమైంది. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె మెల్లగా బెంచీ మీద కూలబడింది.

"పాత బొమ్మకు లింగి నా పక్కన గిట్లనే కూసున్నది. ఒక్కదగ్గర మస్తు నవ్వింది. గా సీను మల్ల వచ్చింది. గంతే, నాకు ఇంకేం కనవడలె," అంది. అనసూర్య వైపు చూడకుండానే అంది, "నిన్ను అనరాని మాట అన్న బిడ్డా."

మూడేళ్ళలో సమ్మవ్వ ఆమెను బిడ్డా అనడం అదే మొదలు. అనసూర్య వెళ్ళి పక్కన కూర్చుంది. "లింగక్క ఎక్కడ నవ్విందో పోరగాండ్లకు చెప్పు పెద్దవ్వా. వాళ్ళకు చెప్పేటందుకు నాకేం ఎర్కలేదు," అంది. ఆమె ఆ మాట మనసారా అన్నది. దారిపొడుగునా సమ్మవ్వ చెబుతూనే ఉంది, తొమ్మిదిమందీ చుట్టూ మూగి విన్నారు. లింగవ్వ కడుపున పుట్టని నలుగురే ఎక్కువ ప్రశ్నలు అడిగారు.

సోమవారం పొద్దున సమ్మవ్వ తన మూట ఒక్కటే కట్టుకుంది. పూలమ్మ గౌన్లు దండెం మీదే ఉన్నాయి. అనసూర్య ఏమీ అడగలేదు, అడిగితే ఎక్కడ మాట మారుతుందోనని. ముసలామె గట్టయ్యను పిలిచి, తనకూ ఒక బిళ్ళ కొట్టివ్వమంది. అతను నోరు తెరిచి చూసి, తరువాత డబ్బా కోసి పది అంకె వేశాడు. చెక్కకు పదో మేకు దిగింది. బిళ్ళ తగిలించబోతుంటే సమ్మవ్వ అతని చేతిలోంచి లాక్కుని ఆకువక్కల సంచిలో వేసుకుంది.

"బయటికి పోయేటోళ్ళు బిళ్ళ తీస్కపోవాలె. నీ కానూనే గద," అంది. బస్సెక్కుతూ మాత్రం, ఎన్ని చెప్పినా పాత బొమ్మే బాగుండేదని మరోసారి అంది.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన గట్టయ్య చెక్క వైపు చూసి అందరూ వచ్చారా అని అడిగితే, పిల్లలందరూ కళ్ళముందే తింటూ ఉన్నా సరే, అనసూర్య ఒకే జవాబు చెప్పేది.

"ఇంక ఒక్కలు రావాలె."