రీసెట్ బటన్ ఎవరిది

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ మేడమీది వాళ్ళతో అందట, "ఫోన్ చూసుకుంటూ మిషన్లో చెయ్యి పెడితే మిషన్ మాత్రం ఏం చేస్తుంది పాపం" అని. మేడమీది వాళ్ళు ఆ మాటను భద్రంగా మెట్లు దించి అక్క చెవిన వేసి పోయారు. అక్క ఉల్లిపాయలు తరుగుతూనే వింది. పక్కనే కూర్చున్న చెల్లెలు తలెత్తలేదు.

అక్క మొగుడు, అంటే బావ, రేకులు అచ్చు కొట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ పనివాడు. మూడు నెలల కిందట ప్రెస్ మిషన్‌కి అడ్డుగా ఉండే తలుపు తెరిచి ఉండగానే అచ్చు దిగింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఫ్యాక్టరీవాళ్ళు విచారణ కాగితంలో ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు: పనివాడి పొరపాటు.

అప్పటినుంచి బావకి ఒకటే పని. కుర్చీలో కూర్చుని, ఉన్న చేత్తో గాల్లో బటన్లు నొక్కుతుంటాడు. "తలుపు తీశాను. ఇరుక్కున్న రేకు పట్టుకున్నాను. అప్పుడు నొక్కానా రీసెట్, అంతకు ముందేనా?" ఎలా తలచుకున్నా తప్పు తనవైపే తేలేది. పైగా ఆసుపత్రి మంచం మీదే తోటివాళ్ళ నోళ్ళు మూయించాడు: "మా మరదలు పరీక్షించి పంపిన మిషన్‌రా అది. దానికి వంక పెట్టకండి."

నిజమే. ఆ మిషన్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను తనిఖీ చేసింది చెల్లెలే. ఆమె మిషన్ తిప్పి చూడదు, తర్కంతో నిరూపిస్తుంది. పనివాడు ఏ బటన్ ఎప్పుడు నొక్కినా సరే, అచ్చును ఆపడానికి ప్రోగ్రామ్ దగ్గర ఏదో ఒక ఎత్తు ఉండాలి. దాన్నే ఒక పెద్ద సూత్రంగా రాస్తుంది. మనిషి చేతిలో ఉన్నవన్నీ 'ప్రతి' వరుసలో, ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవి 'ఏదో ఒకటి' వరుసలో పెట్టాలి. సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్ కోట్ల దారులు గాలించి నిజమో అబద్ధమో చెబుతుంది. అప్పట్లో 'నిజం' అంది.

ప్రమాదం జరిగిన వారంలోనే ఆమె పాత ఫైలు తెరిచింది. ఆగిన మిషన్‌ను మళ్ళీ కదిలించడానికి పనివాడు నొక్కే రీసెట్ బటన్ 'ఏదో ఒకటి' వరుసలో కూర్చుని ఉంది. చదరంగంలో అవతలివాడి పావును కూడా తనే నడిపి, గెలిచానని చంకలు గుద్దుకున్నట్టు, సాల్వర్ తనకు వీలైనప్పుడే రీసెట్ నొక్కుకుంది. దాన్ని 'ప్రతి' వైపుకు మార్చి నడిపితే టీ చల్లారేలోపు 'అబద్ధం' అంది. ఎలా తప్పుతుందో వరుస కూడా చూపించింది: తలుపు, రేకు, రీసెట్. ఆమె కొత్త ప్రోగ్రామ్‌లో చడీచప్పుడూ లేకుండా సరిచేయించి, అన్ని మిషన్లకూ పంపించి, ఊరుకుంది.

ఇప్పుడు బావ ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"ఎడమచేత్తో సంతకం కుదురుతోందే. రేపు వెళ్ళి తప్పు నాదేనని రాసిచ్చేస్తా. పీడా పోతుంది."

"పెట్టకు బావా."

"ఏం మేధావీ, అక్షరాలు వంకరపోయాయా?"

"తప్పు నీది కాదు. నువ్వు ఎప్పుడు నొక్కినా అది ఆగాలి. ఆగుతుందని రాసిచ్చింది నేను. రీసెట్ నొక్కేది మనిషన్న సంగతి మర్చిపోయి, మిషనే చూసి నొక్కుకుంటుందన్నట్టు రాశాను."

అక్క చేతిలో చాకు ఆగింది.

బావ తన వంకర సంతకమున్న కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే."

"అయితే మూడు నెలలు నన్ను నేను తిట్టుకుంటుంటే, ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావన్నమాట" అన్నాడు బావ.